ఇద్దరూ వదిలేసిన బడి

పెళ్ళయిన కొత్తలో నా భర్త నన్ను వాళ్ళ ఊరి చర్చికి తీసుకెళ్ళాడు. పెనుకొండ దగ్గర చిన్న పల్లె అది. నన్ను పిలిచింది ప్రార్థనకు కాదు, భోజనానికి. పంట ఇంటికొచ్చాక అక్కడ ఏటా ప్రేమవిందు పెట్టుకుంటారు. ఏ మతం వాళ్ళైనా వచ్చి తినవచ్చు. వంట చేసినవాళ్ళూ వడ్డించినవాళ్ళూ చివరి బంతిలో కూర్చుంటారు. అతను సాంబారు బకెట్టు పట్టుకున్నాడు. నేను మొదటి బంతిలో కూర్చోబోతుంటే మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"నువ్వు మనింటి దానివి గదమ్మా, కడాకు మనమంతా కలిసి తిందాం."

మనింటి దానివి అన్న మాటకు మురిసిపోయి ఆగాను. చివరి బంతి కూర్చునేసరికి మూడు దాటింది. కూర ఎప్పుడో అయిపోయింది. అన్నం, చారు, ఒక ఉల్లిగడ్డ ముక్క మిగిలాయి. తిరుగు బస్సులో అతన్ని నిలదీశాను.

"నువ్వు కడాకు తింటే అది నీ భక్తి. నేనెందుకు కడాకు తినల్ల?"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు వేరే, నేను వేరేనా?"

ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో నడుస్తున్న వాదం ఆ బస్సులో మొదలైంది. ఎదుటివాళ్ళను తనకంటే ముందు నిలబెట్టే మనిషి, తనతో పాటు భార్యను కూడా వెనక్కి జరిపేస్తాడు. భార్యను తనలో భాగమనుకుంటాడు కాబట్టి ఆమెను అడగాలన్న ఆలోచనే రాదు. వినడానికి ఎంతో ప్రేమగా ఉండే మాటలో ఇంత అన్యాయం దాక్కుని ఉంటుంది.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. సాయంత్రం మగ్గం దిగగానే స్నేహితులతో కలిసి చర్చావేదిక నడిపేవాడు. మూఢనమ్మకాలు, కులం, ఆడపిల్లల చదువు, దేవుడున్నాడా లేడా, ఇలా రోజుకొక అంశం. ఎవరు ఏమి చెప్పినా "దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం?" అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. త్యాగం గురించి నేను గట్టి వ్యాసాలే రాశాను. త్యాగం అని మనం పొగిడేదాంట్లో సగం పరలోకం మీద ఆశ, పావు వంతు పదిమందిలో మంచి పేరు, మిగిలింది చిన్నప్పటి నుంచి నేర్పిన అణకువ అని వాదించాను. ఆ వ్యాసాలన్నిటికీ మొదటి పాఠకుడు నా భర్తే. ఎర్ర పెన్ను పట్టుకుని అక్షరదోషాలు దిద్దేవాడు. వాదన గురించి ఏమంటావని అడిగితే, "బాగా రాసినావు. నా గురించే గదా?" అని నవ్వేవాడు.

అతను ప్రాథమిక పాఠశాలలో టీచరు. నేను హిందూపురంలో ఒక కాలేజీలో పాఠం చెబుతాను. ఇల్లు హిందూపురంలో, అతని బడి ధర్మవరం అవతల ఒక పల్లెలో. పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి, ధర్మవరంలో దిగి, షేర్ ఆటో పట్టుకోవాలి. హిందూపురంలో ఎక్కేటప్పుడు సీటు ఖాయంగా దొరుకుతుంది. పెనుకొండ వచ్చేసరికి అతను ఖాయంగా నిలబడి ఉంటాడు. కూలికి పోయే ఆడవాళ్ళు, గోనెసంచీ మోసుకొచ్చిన ముసలాయన, పరీక్షకు పోతున్న పిల్ల, ఎవరొచ్చినా లేచిపోతాడు. ఇన్నేళ్ళ ప్రయాణంలో అతని నడుములో ఒక డిస్కు జారింది. ఇలాగే తిరిగితే ఆపరేషన్ తప్పదని డాక్టరు ఖరాఖండిగా చెప్పి నడుముకు బెల్టు వేశాడు. బెల్టు వేసుకున్న మనిషి కూర్చోవాలి కదా! ఇతను బెల్టు వేసుకుని కూడా లేచేవాడు.

అతను ఒప్పుకోలేదు గానీ, ఈ సంగతి నాకు చెప్పింది అదే రైల్లో రోజూ వెళ్ళే ఒక టీచరమ్మ. ఓబులదేవరచెరువు వైపు గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి వచ్చి, చదువుకుని, ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయి. ఆమె భర్త ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తాడు. కాపురం హిందూపురంలోనే, మా వీధికి రెండు వీధుల అవతల. ఏడాది పాప ఉంది. పాపను పక్కింట్లో వదిలి రైలెక్కేది. ఆమె బడి కూడా ధర్మవరం దగ్గరే, వేరే దారిలో. నన్ను అక్కా అనేది, అతన్ని సార్ అనేది. ఒకరోజు మా గేటు దగ్గర నిలబడి మొరపెట్టుకుంది.

"అక్కా, సార్‌కు నువ్వన్నా చెప్పక్కా. నిన్న నాకే సీటిచ్చినాడు. వద్దంటే వినడు. నేనేమన్నా ముసలిదాన్నా?"

"నువ్వు రాత్రంతా పాపతో జాగారం చేసినావు, కండ్లు జూస్తే తెలీదా?" అని అతను ఇంట్లో నుంచే జవాబిచ్చాడు.

ఆ సంవత్సరం బదిలీలు వచ్చాయి. టీచర్లకు సర్వీసును బట్టీ, ఇతర కారణాలను బట్టీ పాయింట్లు ఇస్తారు. ఎవరికి ఏ బడి కావాలో వరుసగా కంప్యూటర్లో నింపాలి. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళు కోరింది వాళ్ళకు ముందు దక్కుతుంది. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. సిఫార్సు లేదు, కులం లేదు, కాళ్ళు పట్టుకోవడం లేదు. న్యాయం ఒక జాబితా రూపంలో దిగొచ్చినట్టు ఉంటుంది. ఖాళీల్లో మా ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న హిందూపురం బడి ఉంది. అతని పాయింట్లు చూస్తే మా వైపు కోరుకునేవాళ్ళలో అతనే పైన ఉన్నాడు. రైలు లేదు, ఆటో లేదు, ఆపరేషన్ లేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని, కాసేపు పడుకుని మళ్ళీ పోవచ్చని కూడా ఊహించేసుకున్నాను.

ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున వరండాలో ఫోను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"పెట్టినావా?" అన్నాను.

"పెట్టినా."

అతను అబద్ధమాడడు. అందుకే నేను ఇంకేమీ అడగలేదు.

జాబితా వచ్చిన రోజు నేను కాలేజీ నుంచే చూశాను. అతని పేరు ఎదురుగా పెనుకొండలో ఒక బడి ఉంది. పొరపాటేమో అనుకుని మళ్ళీ చూశాను. హిందూపురం బడి మాకు ముఖపరిచయం కూడా లేని ఒకాయనకు వెళ్ళింది. పాయింట్లలో ఆయన మావాడికంటే చాలా కింద ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి నా భర్త గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు.

"హిందూపురం పెట్టల్యా నువ్వు?"

"పెట్టల్యా."

"ఎందుకని?"

"ఆ పాప తల్లికి వస్తుందనుకున్నా. నా తర్వాత ఆయమ్మే గదా ఉండేది. నేను పక్కకు జరిగితే నేరుగా ఆయమ్మకే వస్తుంది. పెనుకొండ నాకు సాలు. రైలు సగందూరమే గదా."

"నన్నొక మాట అడిగినావా?"

"అడిగితే నువ్వు వద్దంటావని తెలుసు" అన్నాడు, చిక్కుడుకాయ మీంచి కళ్ళెత్తకుండా.

కోపం తలకెక్కింది. చిక్కుడుకాయల గిన్నె లాక్కుని వంటింట్లో పెట్టేశాను. నేను పెద్ద మాటలు మాట్లాడబోతుండగా గేటు చప్పుడైంది. టీచరమ్మ వచ్చింది. చంకలో పాప, ముఖమంతా కన్నీళ్ళు.

"సార్, ఏంది సార్ ఇట్ల జేస్తిరి?"

"నీకు రాలేదా తల్లీ? నేను నీకోసరమే గదా..."

"నాకు గుడిబండ వచ్చింది!"

మా ముగ్గురికీ విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అతను ఆమె కోసం హిందూపురం వదిలి, పెనుకొండను మొదట పెట్టాడు. ఆమె అతని నడుము గురించి ఆలోచించి, సార్‌కు అడ్డు రాకూడదని తను కూడా హిందూపురాన్ని జాబితాలో ఎక్కడా పెట్టకుండా వదిలేసింది. ఎర్రమంచికి దగ్గర కదా అని పెనుకొండ బడినే మొదట పెట్టింది. అతని పాయింట్లు ఎక్కువ కాబట్టి పెనుకొండ అతనికి వెళ్ళింది. ఆమె ఏదో ఒకటి నింపాలి కాబట్టి చివరన నింపిన గుడిబండ ఆమె నెత్తిన పడింది. మడకశిర దాటి పోవాలి. ఏడాది పాపతో రోజూ రెండు బస్సులు.

"నువ్వు అడ్డొచ్చేదేముందమ్మా, నేను నీకంటే పైనుంటిని గదా" అన్నాడు అతను, అయోమయంగా.

"నాకు పాయింట్ల లెక్క తెలీదు సార్. ఇద్దరమూ ఒకటే అడిగితే యాడ పోటీ అవుతుందో అనుకుంటి. మీరు పెద్దోళ్ళు, మీతో పోటీకి రాకూడదని..."

నాకు మొదట నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను. పాప కూడా నన్ను చూసి నవ్వింది. ఆ తర్వాత వచ్చిన కోపం ఇంకా పెద్దది. ఇద్దరు మంచివాళ్ళు కలిసి, ఒకరికొకరు మేలు చేయాలని, ఒకరినొకరు ముంచుకున్నారు. స్వార్థపరులెవరూ ఇంత చక్కగా ముంచుకోలేరు. స్వార్థపరులకు ఎదుటివాడికేం కావాలో అడిగి తెలుసుకునే జాగ్రత్త ఉంటుంది, పోటీ కోసమైనా.

ఆ ఆదివారం అతను చర్చి నుంచి వచ్చాక టీచరమ్మను మా ఇంటికి పిలిచాను. ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పరం మార్చుకోవడానికి అర్జీ పెట్టుకోవచ్చని తెలుసుకున్నాను. కానీ వీళ్ళను వీళ్ళకే వదిలేస్తే మళ్ళీ ఏం చేస్తారో చెప్పలేం. అందుకని మా నాయన చర్చావేదికలో లాగా ఒక నియమం పెట్టాను.

"ఈడ అందరూ తమకేం కావల్లనో మాత్రమే చెప్పల్ల. ఎదుటివాళ్ళ కష్టం గురించి ఒక్క మాట వచ్చినా ఒప్పుకోను. నాకు కావల్ల అని మొదలుపెట్టల్ల. సరేనా?"

"ఇదేం కోర్టాక్కా?" అంది టీచరమ్మ.

"కోర్టు కంటే ఎక్కువే. నువ్వు చెప్పు ముందు."

ఆమె పాపను ఒళ్ళో సర్దుకుంది. "నాకు కావల్ల... సార్ నడుము..."

"ఊహూ!"

"సరేలేక్కా. నాకు పెనుకొండ కావల్ల. మా ఆయప్ప షిఫ్టు దిగితే పాపను చూసుకుంటాడు. మా అమ్మ ఓబులదేవరచెరువు నుంచి ఒకే బస్సులో వచ్చేస్తుంది. పక్కింట్లో పాపను ఇడిసిపెట్టి పోతాంటే నాకు ప్రాణం పోతాంది. హిందూపురమే కావల్లని నేను ఎప్పుడూ అనుకోలేదక్కా. ఈడ మాకు ఎవరున్నారు? ఆడ ఇల్లు జూసుకుని చేరిపోదామని మా ఆయప్ప ఎన్నాళ్ళ నుంచో చెప్తాండాడు."

నా భర్త తల వంచుకున్నాడు. ఆమె కోసం అతను వదిలేసిన బడి ఆమెకు అసలు అక్కర్లేనిది. రోజూ ఒకే పెట్టెలో ప్రయాణం చేసి, ఆమె కళ్ళలో నిద్రలేమిని కూడా గుర్తుపట్టిన మనిషి ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

"నీ వంతు" అన్నాను అతనితో.

"ఆయమ్మ చెప్పింది గదా. పెనుకొండ ఆయమ్మకు ఇచ్చేద్దాం. నేను గుడిబండ..."

"నాకు కావల్ల అని మొదలుపెట్టల్ల."

"నాకు కావల్ల" అన్నాడు. ఆగాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పిల్లలకు రోజంతా వాక్యాలు నేర్పే మనిషి, ఆ వాక్యం పూర్తి చేయలేకపోయాడు. మూడుసార్లు మొదలుపెట్టాడు. మొదటిసారి ఆ వాక్యం టీచరమ్మ పాప మీదికి మళ్ళింది, రెండోసారి అతని బడి పిల్లల మీదికి మళ్ళింది. మూడోసారి గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు హిందూపురం బడి కావల్ల. కావాల్సి ఉండె. ఆప్షన్లు పెట్టకముందు ఒక ఆదివారం చర్చి అయినాక ఒక్కడే పోయి చూసొచ్చినా. గేటుకు తాళం ఏసుంటే కమ్మీల్లోంచి చూసినా. వరండా ఉండాది, మంచి నీడ ఉండాది. మూడో తరగతి గది కిటికీ తెరిచుండె, నల్లబల్ల సరిగ్గా నా ఎత్తుకే ఉండాది, వంగకుండా రాయొచ్చు. ఇంటి నుంచి ఎన్ని అడుగులో కూడా లెక్కబెట్టినా."

టీచరమ్మ పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇన్నేళ్ళూ నా వాదనలో ఒక లోపం ఉంది. అతని లాంటివాళ్ళకు కోరికలు తక్కువగా ఉంటాయనీ, అందుకే వదులుకోవడం తేలికనీ నేను అనుకున్నాను. అడుగులు లెక్కబెట్టుకున్న బడిని వదిలేశాడు. పరలోకం మీద ఆశతోనా అని తర్వాత ఒకసారి అడిగాను. "పరలోకంలో బదిలీలుంటాయా?" అన్నాడు. మళ్ళీ అతనే, కొంచెం నెమ్మదిగా, "మా అమ్మ అట్లే చేస్తాండె. అది చూసి నేర్చుకున్నా. యేసు అట్లే చేసినాడని ఆమె చెప్తాండె" అన్నాడు. దాన్ని ఖండించడానికి నా దగ్గర మంచి తర్కమే ఉంది. దాన్ని నోట్లోనే ఉంచుకున్నాను.

ఆదివారం సభ ఇంకా ముగియలేదు. అతను నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పలేదే. అధ్యక్షురాలికి రూలు లేదా?"

"నాకా? నాకు నీ నడుము బాగుండల్ల. నువ్వు రోజూ..."

"ఊహూ!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. "అక్కా, రూలు తప్పినావు! నీకేం కావల్లనో చెప్పు, సార్‌కేం కావల్లనో కాదు."

నేను నోరు తెరిచాను. ఏ వేదిక మీదా ఎవరి ముందూ మాట తడబడని దాన్ని. నాకేం కావాలో వెతికితే, ఎటు తిప్పినా అతని నడుము దగ్గరికే వచ్చింది. అతను నిలబడకుండా బడికి పోవాలి. నొప్పి లేకుండా నిద్రపోవాలి. ఇందులో నాకోసం ఏమీ లేదు, అంతా నాకోసమే. నాకు ఏ చర్చీ దీన్ని నేర్పలేదు. నాకు దేవుడు లేడు, పరలోకం లేదు. మరి ఇది ఎక్కడి నుంచి వచ్చిందని మా నాయన అడిగి ఉంటే నేను జవాబు చెప్పలేకపోయేదాన్ని.

"సరే, ఓడిపోయినా" అన్నాను. "ఇప్పుడు పని జూద్దాం."

హిందూపురం ఎటూ చేజారింది కాబట్టి, పెనుకొండ, గుడిబండ మార్చుకుంటామని అర్జీ పెట్టారు. ఆఫీసు చుట్టూ కొన్నాళ్ళు తిరిగాక ఒప్పుకున్నారు. టీచరమ్మ పెనుకొండకు మారింది, అతను గుడిబండకు. ఆమె అర్జీ మీద సంతకం చేసేముందు అతని ఎదుట కూర్చుని, "సార్, మీకు నిజంగా సమ్మతమేనా? నా మీద ఒట్టేసి చెప్పండి" అని మూడుసార్లు అడిగింది. మాలో కనీసం ఒకరు అడగడం నేర్చుకున్నారు.

మిగిలింది నడుము. హిందూపురం నుంచి గుడిబండకు రోజూ తిరగడమంటే డాక్టరు దగ్గరికి మేమే నడిచి వెళ్ళి ఆపరేషన్ బల్ల ఎక్కడమే. కాలేజీ నాది హిందూపురంలో. ఒక సాయంత్రం కాగితం మీద రెండు ఊళ్ళ మధ్య గీత గీసి, మడకశిర దగ్గర చుక్క పెట్టాను.

"ఈడ ఇల్లు తీసుకుందాం. నీకు చిన్న బస్సు, ఎక్కితే దిగడమే. నాకు గంట ప్రయాణం."

"నా కోసరం నువ్వు గంట తిరగల్లనా? వద్దు మే. నేనెట్లో సర్దుకుంటా."

"నువ్వు నన్నడగకుండా పెనుకొండ పెట్టినావు. నేను నిన్ను అడుగుతాండా. తేడా అర్థమైందా?"

"మళ్ళా అడగకుండా చేయను" అన్నాడు. ఇరవై ఏళ్ళ వాదంలో అతను నాకిచ్చిన మొదటి పాయింటు అది. తర్వాత కాగితం లాక్కుని, చుక్కను హిందూపురం వైపు కొంచెం జరపబోయాడు. చేతి మీద కొట్టాను.

మడకశిరలో ఇల్లు చిన్నది. ఇంటావిడ అద్దె గురించి కన్నడంలో బేరమాడుతుంది, నీళ్ళ గురించి తెలుగులో పోట్లాడుతుంది. ఇద్దరం పొద్దున ఒకే బస్టాండుకు వెళ్ళి వేర్వేరు బస్సులు ఎక్కుతాం. అతనికి ఎక్కువ దూరం లేదు కాబట్టి నిలబడినా ప్రమాదం లేదని డాక్టరు అన్నాడు. ఆ మాట అతని ముందు అనవద్దని నేను డాక్టరును బతిమాలాను, కానీ అప్పటికే అతను వినేశాడు. ఆపరేషన్ మాట మాత్రం పోయింది.

ఆర్నెల్లు గడిచేసరికి నొప్పి నాకు మొదలైంది. గంటసేపు బస్సు కుదుపులకు నడుము పట్టేస్తోంది. మొదటి రోజు అతనికి చెప్పలేదు. రెండో రోజు సాయంత్రం మంచం మీద నుంచి లేవబోయి అబ్బా అన్నాను. అతను బామ్ సీసా తెచ్చాడు.

"నా వల్లనే గదా" అన్నాడు.

"నీ వల్ల కాదు, బస్సు వల్ల."

"హిందూపురంలోనే ఉండుంటే..."

"నోరు మూసుకుని పూయి."

పూశాడు. ఇప్పుడు వారంలో మూడు నాలుగు సాయంత్రాలు ఇదే తంతు. అతని అరచేతులు గరుకుగా ఉంటాయి, సుద్దముక్క పట్టి పట్టి వేళ్ళ చివర్లు ఎండిపోయాయి. పూస్తున్నంతసేపూ అతను మాట్లాడడు. ఎదురుగా అద్దంలో చూస్తే పెదవులు కదులుతూ కనిపిస్తాయి. ఎవరితో మాట్లాడుతున్నాడో, నా గురించి ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. బామ్ పనిచేస్తోంది కాబట్టి నొప్పి తగ్గుతోందని నేను ఒక వాక్యంలో రుజువు చేయగలను. కళ్ళు మూసుకుని, ఇంకొంచెం కిందికి పూయమంటాను.